ఆఖరు తేదీ

రాజమండ్రి నుంచి ఒక మిత్రుడు నాకు విశ్వవిద్యాలయ ప్రకటనలు పంపుతూ ఉంటాడు. ఆయన అధ్యాపకుడు కాడు, విద్యార్థి అసలే కాడు. ఉద్యోగ విరమణ చేసి, సాయంకాలం గోదావరి గట్టున నడిచి, రాత్రి భోజనానికి ముందు ఫోనులో వచ్చినవన్నీ పదిమందికీ పంచిపెట్టే సజ్జనుడు. ఫలానా రోజున నన్నయ భారతం మీద ప్రసంగం. ఫలానా తేదీ నుంచి పీజీ తరగతులు మొదలు. పరీక్ష రుసుము కట్టడానికి గడువు ఇది, అపరాధ రుసుముతో అయితే ఇది. అన్నిటి కిందా రిజిస్ట్రారుగారి సంతకం.

నేను ఉండేది అక్కడికి నాలుగువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఆ ప్రసంగం వినడానికి వెళ్లలేను. రుసుము కట్టవలసిన పరీక్ష ఏదీ ఈ వయసులో నాకు లేదు. అయినా ప్రతి ప్రకటననూ మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదువుతాను. చదివి, అందులోని ఆఖరు తేదీని మరొకసారి చూసుకుంటాను. మా ఇంట్లో ఇది నవ్వులాట అయిపోయింది. "మీరేమైనా మళ్లీ ఎమ్మేలో చేరుతున్నారా?" అని అడుగుతారు. ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఇంతకాలం తరువాత చెప్పవలసిన మనిషికి చెప్పాను గనుక, ఇప్పుడు మీకూ చెప్పవచ్చు.

*

మేము చదువుకున్న రోజుల్లో ప్రకటన అంటే నోటీసు బోర్డు. కళాశాల వరండాలో, గుమాస్తాల గది పక్క గోడకు ఒక చెక్కపెట్టె. దానికి ఇనుపతీగల జాలీ తలుపు. తలుపుకు చిన్న తాళం. లోపల ఆకుపచ్చ గుడ్డ, ఎండకు వెలిసి దాదాపు బూడిదరంగుకు తిరిగింది. దాని మీద తుప్పుపట్టిన గుండుసూదులతో గుచ్చిన కాగితాలు. కొన్ని టైపు చేసినవి, వాటిలో కార్బన్ ప్రతి మన వంతుకు వచ్చి ఉంటే అక్షరాలు ఊదారంగు మసకలు. కొన్ని సైక్లోస్టైలు చేసినవి, సిరా వాసన వేసేవి. ప్రిన్సిపాలుగారి సంతకం మాత్రం ఆకుపచ్చ సిరాలో నిగనిగలాడుతూ ఉండేది. పాత నోటీసు తీయకుండానే కొత్తది గుచ్చేవారు. అందుచేత ఒక కాగితం కింద మరొకటి, దాని కింద ఇంకొకటి. జాలీ సందులోంచి చూపుడువేలు పెట్టి పై కాగితాన్ని కాస్త ఎత్తి కిందిది చదవడం మాలో కొందరికి చేతనైన విద్య.

ఆ బోర్డు మీద అన్నీ ఉండేవి. స్కాలర్‌షిప్పులు వచ్చాయన్న శుభవార్త, హాజరు చాలనివారి జాబితా అనే అశుభవార్త, ఎన్.సి.సి. కవాతు వేళలు, గ్రంథాలయానికి పుస్తకాలు తిరిగి ఇవ్వనివారి పేర్లు, వక్తృత్వ పోటీ, వాలీబాలు జట్టు ఎంపిక, ఎవరో పెద్దమనిషి పోయినందుకు సంతాపసూచకంగా సెలవు. సెలవు నోటీసు ముందు మాత్రం జనం పోగయ్యేవారు. తక్కినవి ఎవరికి కావలసినవి వారు చదువుకొని పోయేవారు. అప్పుడు నాకు తెలియనిదీ, ఇప్పుడు బాగా తెలిసినదీ ఈ ఒక్క మాటే. నోటీసు బోర్డును ఎవరూ పూర్తిగా చదవరు. తాము వెతుకుతున్న దానినే చదువుతారు.

నేను చదివినది రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో. ఆ కళాశాల పుట్టుక గురించి ఒక ముచ్చట చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ మరుసటి ఏడు, 1853లో, రాజమండ్రిలో జిల్లా పాఠశాల వెలిసింది. అదే 1873లో కళాశాల అయింది. నీరు ముందు వచ్చింది, బడి వెంటనే వచ్చింది. కాలువలు పారిన ఊళ్లలో నాలుగు గింజలు మిగిలినవారు తమ పిల్లలను చదువుకు పంపారు. డెల్టాలో చదువు ఎక్కువ అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ చదువు కూడా కాలువ వెంటే పారిందన్న సంగతి మనం మరచిపోతుంటాము. కాలువ అందని లంకలకు చదువు కూడా ఆలస్యంగానే అందింది.

ఆ కళాశాలలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తెలుగు పండితులుగా పనిచేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918లో మైసూరు వెళ్లేముందు కొంతకాలం పాఠాలు చెప్పారు. కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండి, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి కుర్రవాళ్లను చేరదీసి బొమ్మలు వేయడానికి ప్రోత్సహించాడు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండీ నిండకుండానే పోయాడు. ఆయన చిత్రశాల ఇప్పటికీ ఊళ్లో ఉంది. వీళ్లందరూ ఆ వరండాలోనే నడిచి ఉంటారు కదా, వాళ్ల కాలంలో బోర్డు మీద ఏమి రాసి ఉండేదో అని మేము ఊహించుకునేవాళ్లం.

ఊహకు అందేది ఒకటుంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చాడు. ముట్నూరి కృష్ణారావుగారి పూనికతో ఆంధ్రదేశంలో ఆయన పర్యటన జరిగింది. ఆయన ఆంగ్లంలో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో చెప్పారు. ఆ ఉపన్యాసాల సంగతి ఏ కళాశాల గోడ మీదా అంటించి ఉండరు. అయినా ఊరంతటికీ తెలిసింది. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు గుండెల మీద పెట్టుకొని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ కన్నెర్ర చేశాడు. పలువురి మీద వేటు పడింది. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టారు. ప్రభుత్వోద్యోగం ఇక దక్కకుండా చేశారు. ఆయన మరుసటి ఏడే బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి చెరసాలకు వెళ్లాడు. పాల్ పేరుతో రాజమండ్రిలో పాల్‌చౌక్ ఉంది. అధికారులు ప్రకటించకపోయినా కొన్ని సంగతులు అందరికీ చేరతాయి. అధికారికంగా ప్రకటించినా కొన్ని చేరవలసినవారికి చేరవు. ఈ రెండో రకానికి చెందినదే నా కథ.

*

మా ఊరు గోదావరి పాయల మధ్య ఒక లంక. పేరు చెప్పను, చెప్పినా చాలామందికి తెలియదు. ఇంటి నుంచి బయలుదేరితే మొదట అరటితోటల నడుమ పుంత, తరువాత ఇసుక, తరువాత పడవ, ఆ ఒడ్డున ఏటిగట్టు ఎక్కితే బస్సు. బస్సు దొరికిన అదృష్టవంతుడు రావులపాలెం మీదుగా మధ్యాహ్నానికి రాజమండ్రి చేరేవాడు. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఇద్దరమే పిల్లలం. నేను, నాకన్న రెండేళ్లు చిన్నదైన చెల్లెలు.

చెల్లెలికి లెక్కలు బాగా వచ్చేవి. ఈ మాట అన్నగా నేను పొగడడం కాదు. నేను చదివింది తెలుగూ చరిత్రా. లెక్కలంటే నాకు భయం. అది మాత్రం రాత్రి లాంతరు ముందు కూర్చొని నవ్వుతూ లెక్కలు చేసేది. లెక్క తేలగానే పలక మీద గీత గీసి, ఆ గీత కింద మరొక గీత గీసేది. 1986లో ఇంటర్మీడియట్ మంచి మార్కులతో నెగ్గింది. రాజమండ్రిలోనే ఒక కళాశాలలో బీఎస్సీ లెక్కలకు దరఖాస్తు పెట్టింది. ఆ కళాశాల పేరు అనవసరం. తప్పు వాళ్లది కాదు గనుక పేరు ఎత్తడం న్యాయం కాదు.

మొదటి జాబితాలో దాని పేరు రాలేదు. రెండో జాబితా ఆగస్టులో పెడతామన్నారు. అప్పటి పద్ధతి ఏమిటంటే, ఇంటికి ఉత్తరం రాదు. జాబితా బోర్డు మీద పెడతారు. రెండు రోజుల తరువాత ఇంటర్వ్యూ. ఆనాడు అసలు ధ్రువపత్రాలతో, రుసుముతో హాజరైనవారికి సీటు. రానివారి సీటు తరువాతివారికి. లంకలో ఉన్న ఆడపిల్లకు ఆ జాబితా ఎలా తెలుస్తుంది? అందుకు నేనున్నాను. జూలై ఆఖరున ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంటే చెల్లెలు రేవు దాకా వచ్చి, నా చొక్కా జేబులో ఒక చిన్న కాగితం మడిచి పెట్టింది. అందులో దరఖాస్తు సంఖ్య. "రోజూ వెళ్లి చూడు అన్నయ్యా. ఒక్క రోజు కూడా మానకు" అంది. పడవ కదిలాక కూడా చెయ్యి ఊపి "రోజూ" అని మళ్లీ అరిచింది.

అయిదు రోజులు మానకుండా వెళ్లాను.

ఆరో రోజు, అంటే ఆగస్టు 6 బుధవారం, మా కళాశాల బోర్డు మీద ఒక నోటీసు కనిపించింది. విద్యార్థుల కవితా పోటీ. శుక్రవారం 8వ తేదీ మధ్యాహ్నం. పట్టణంలోని పేరున్న కవులు న్యాయనిర్ణేతలు. నేనప్పుడు కవిని. అంటే, నా మట్టుకు నాకు. ఆ నోటీసును నాలుగుసార్లు చదివాను. నిబంధనలు కాగితం మీద రాసుకున్నాను. అక్కడినుంచి నేరుగా గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి కూర్చున్నాను. ఆ సాయంకాలం పుష్కరాల రేవులో, మరునాడంతా గదిలో, కవిత దిద్దడమే పని. దేని మీద కవిత అంటారా? గోదావరి మీద. అమ్మ అనీ, అన్నపూర్ణ అనీ, కరుణ అనీ మనందరం రాసినవే.

రెండో జాబితా ఆ బుధవారమే పెట్టారు. ఇంటర్వ్యూ శుక్రవారం ఉదయం.

శుక్రవారం నేను కవిత చదివాను. రెండో బహుమతి వచ్చింది. ఒక కవితాసంపుటి. లోపలి పుటలో ముద్ర వేసి, తేదీ వేసి ఇచ్చారు. శనివారం ఉదయం ఆ పుస్తకం చంకలో పెట్టుకొని, విజయోత్సాహంతో, చెల్లెలు దరఖాస్తు పెట్టిన కళాశాలకు నడిచి వెళ్లాను. జాలీ వెనుక జాబితా ఉంది. పైనుంచి నాలుగో సంఖ్య మాదే. కింద ఇంటర్వ్యూ తేదీ ఉంది. చాలాసేపు ఆ తేదీని చదవడం రాని భాషలా చూస్తూ నిలబడ్డాను. కార్యాలయం కట్టివేసే వేళయింది. సోమవారం వెళ్లి గుమాస్తాగారిని బతిమాలుకున్నాను. ఆయన కసురుకోలేదు. కసురుకొని ఉంటే బాగుండేది. "మీ చెల్లెలా? ఎంతసేపు చూశాం బాబూ. రెండుసార్లు పేరు పిలిచాం. సీటు వేరేవారికి ఇచ్చేశాం" అన్నాడు. రెండుసార్లు పిలిచారట. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆనాడే ఇంటికి పోయి చెప్పి ఉండవలసింది. నాన్నగారు వచ్చి మాట్లాడితే ఏమైనా దారి దొరికేదేమో. మరో ఊళ్లో ప్రయత్నించడానికి ఇంకా వ్యవధి ఉండేదేమో. భయపడ్డాను. మంగళవారం వెళ్దామనుకున్నాను. బుధవారం అనుకున్నాను. ఈలోగా గోదావరి వచ్చింది.

*

1986 ఆగస్టు వరద సంగతి మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం ఒక్క అంకె చెబుతాను. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఆగస్టు 16న 75.6 అడుగులకు చేరింది. అంతకు ముందుగానీ ఆ తరువాతగానీ అంత ఎత్తు అక్కడ నమోదు కాలేదు.

ఇక్కడొక విషయం ఉంది. గోదావరి చెప్పాపెట్టకుండా వచ్చే నది కాదు. నోటీసు ఇచ్చి వస్తుంది. ఎగువన భద్రాచలం దగ్గర మట్టం చూసి, ఇక్కడికి ఎప్పుడు వస్తుందో లెక్కకట్టవచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జూలైలో మూడవ హెచ్చరిక ఎగరవేసినప్పుడు ఆ అంకెలు నిమిషాల్లో ఫోన్లన్నిటికీ చేరాయి. మా చిన్నతనంలో టముకు వేసేవారు. "ఏరు పొంగుతోందహో" అని కేక వేస్తూ లంకంతా తిరిగేవాడు. ఆ కేక విని లేచినవాడు బతికేవాడు. గొడ్లను విప్పేవాడు, గాదెలోని ధాన్యం అటకెక్కించేవాడు. హెచ్చరిక ఎంత ముందు వచ్చిందన్నది ఒక ఎత్తు. విన్నవాడు లేచి నిన్ను లేపాడా లేదా అన్నది మరొక ఎత్తు. నన్ను టముకువాడిగా పెట్టుకుంది మా చెల్లెలు. నేను కవిత రాసుకుంటూ కూర్చున్నాను.

బస్సులు ఆగిపోయాయి. పడవలు కట్టేశారు. మా ఇంట్లోవాళ్లు ఏటిగట్టు మీద తాటాకుల పందిరి కింద ఉన్నారన్న కబురు మాత్రం ఎవరో తెచ్చారు. నేను ఇల్లు చేరేసరికి దాదాపు రెండు వారాలు గడిచాయి. అరటితోటలు నేలకు పరచుకొని ఉన్నాయి. ఇంటి గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత. నాన్నగారు పంచె ఎగగట్టి పారతో గదిలోని ఒండ్రు ఎత్తిపోస్తున్నారు. అమ్మ పెట్టెలోని చీరలు ఆరబెడుతోంది. చెల్లెలు తడిసి ఉబ్బిన పుస్తకాలను ఎండలో ఒక్కొక్క పుటా విడదీస్తోంది.

నాన్నగారు పార ఆపి అడిగారు. "సీటు సంగతి ఏమైందిరా?"

"అదీ... వరద కదా నాన్నగారూ..." అన్నాను.

అంతే అన్నాను. అది అబద్ధం కాదు, వరద వచ్చిన మాట నిజమే. తక్కిన వాక్యం ఆయనే పూర్తి చేసుకున్నారు. "అవునులే. ఈ వరదలో ఎవరు మాత్రం ఏం చేస్తారు" అని మళ్లీ పార అందుకున్నారు. చెల్లెలు తల ఎత్తి నా వంక ఒకసారి చూసింది. మళ్లీ పుటలు విడదీసుకోసాగింది.

ఆ ఏడు పంట పోయింది. ఇంటి మరమ్మతుకు అప్పు అయింది. మాఘమాసంలో సంబంధం వచ్చింది, పెళ్లి చేశారు. మంచి మనుషులే. చెల్లెలు కష్టపడిందని కాదు, ఏడ్చిందనీ కాదు. కాని పలక మీద గీత కింద గీత గీసే ఆ పిల్ల మళ్లీ నాకు కనిపించలేదు. నేను ఎమ్మే చదివాను, ఉద్యోగం సంపాదించాను. ఆ కవితాసంపుటి ఇల్లు మారినప్పుడల్లా నాతో మారింది. తెరచి చదవలేదు, పారేయలేదు. గోదావరి మీద కవిత మళ్లీ రాయలేదు. నా తప్పును నేను మోయలేక ఆ తల్లి నెత్తిన పెట్టాను. మళ్లీ ఏ మొహంతో ఆమెను పొగడను?

*

గడచిన వేసవిలో చెల్లెలి ఊరు వెళ్లాను. దాని అత్తవారి ఊరు కోనసీమలోనే, కాలువ పక్కన. ఇప్పుడు ఆ జిల్లా పేరూ మారింది, సరిహద్దులూ మారాయి. 2022 ఏప్రిల్‌లో పాత తూర్పుగోదావరిలోంచి కాకినాడ జిల్లా, కోనసీమ జిల్లా వేరయ్యాయి. దారులు కూడా మారాయి. 2002లో ఎదుర్లంక వారధి కట్టాక కాకినాడ దగ్గరైంది. విశ్వవిద్యాలయం కూడా దగ్గరైంది. మా రోజుల్లో ఏ చిన్న ధ్రువపత్రానికైనా 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు, విశాఖ దాకా పోవలసిందే. 2006లో ఆదికవి నన్నయ పేర రాజమండ్రిలో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దాని ప్రాంగణం రాజానగరం దగ్గర జాతీయ రహదారి పక్కన ఉంది. కాకినాడలోనూ తాడేపల్లిగూడెంలోనూ శాఖలున్నాయి.

చెల్లెలి ఇంటి అరుగు మీద ఒక నల్లబల్ల కనిపించింది. మా నాన్నగారి బడిలోది. బడికి కొత్త బల్లలు వచ్చినప్పుడు పాతదాన్ని ఆయన కొనుక్కొని ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన పోయాక అది చెల్లెలు పట్టుకెళ్లింది. ఆ బల్ల మీద సుద్దముక్కతో, గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు ఎప్పుడో. డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైను నమోదు ఎప్పటినుంచి ఎప్పటిదాకానో. పీజీసెట్ హాల్ టికెట్లు ఎప్పుడు వస్తాయో. విశ్వవిద్యాలయంలో ఏదో సదస్సు, ఎవరైనా రావచ్చట. దాని పక్కన "బస్సు ఉదయం 6.40" అని. కింద ఒక పెట్టెలో, ఏ కాగితాలు వెంట ఉండాలో వరుసగా.

"ఏమిటే ఇది?" అన్నాను.

"పిల్లలకి. మా వీధిలో ఇంటర్ చదివేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. ఏడుగురు ఆడపిల్లలే" అంది.

"అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా ఇప్పుడు? 2020 నుంచి డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైనే అన్నారు. 2021 నుంచి పీజీకి కూడా రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష. ఇంకా బల్ల ఎందుకు?"

"ఫోను వాళ్ల నాన్న జేబులో ఉంటుంది అన్నయ్యా. ఆయన పొలంలో ఉంటాడు. సాయంత్రం వచ్చేసరికి దాని మీద మూడువందల మెసేజీలు. అందులో గడువు తేదీ ఏదో ఎవడు చూస్తాడు? కిందటేడు మా పక్కింటి పిల్ల ఆప్షన్లు పెట్టుకోవడానికి ఒక్కరోజు ఆలస్యమైంది. ఏడాది పోయింది. అప్పటినుంచి నేనే చూసి రాస్తున్నా. నీళ్లకొచ్చినప్పుడు చదువుకుంటారు."

ఇంత మాత్రపు మాటకు నాకు కాళ్లు వణికాయి. అరుగు మీదనే కూర్చుండిపోయాను. ఆ మధ్యాహ్నం, బావగారు నిద్రలో ఉండగా, చెప్పాను. కవితా పోటీ, బుధవారం జాబితా, శనివారం నేను వెళ్లడం, రెండుసార్లు పేరు పిలవడం, నాన్నగారితో సగంలో ఆపిన వాక్యం. అన్నీ వరుసగా చెప్పాను. ఆ బహుమతి పుస్తకం కూడా సంచిలో తెచ్చాను, తీసి దాని ముందు పెట్టాను.

చెల్లెలు పుస్తకం తెరచి ముద్ర పక్కనున్న తేదీ చూసింది. మూసి అరుగు మీద పెట్టింది.

"మనింట్లోకి నీళ్లొచ్చింది పదహారో తారీకున. ఇంటర్వ్యూ ఎనిమిదిన. మధ్యలో ఎనిమిది రోజులు. ఆ మాత్రం లెక్క నాకు రాదనుకున్నావా అన్నయ్యా? నేను లెక్కల్లో చేరదామనుకున్నదాన్ని కదా."

"నీకు తేదీ ఎలా తెలుసు?"

"నాతో చదివిన పిల్లకి అదే జాబితాలో సీటు వచ్చింది. దసరాకి ఉత్తరం రాసింది. మీ పేరు పిలిచారు, నువ్వెందుకు రాలేదు అని."

"మరి నాన్నగారికి చెప్పలేదేం?"

"చెబితే సీటు వస్తుందా? నువ్వు ఆయన ముందు తలెత్తుకోలేవు. ఆయనకి మిగిలింది నువ్వొక్కడివే చదువుకునేవాడివి."

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మాటతో ఓదార్చుకుంటూ వచ్చాను. అది కూడా అడిగేశాను. "సీటు వచ్చినా నాన్నగారు నిన్ను రాజమండ్రి పంపేవారు కాదేమోలే. ఆ రోజుల్లో, ఒక్క ఆడపిల్లని..."

"పంపేవారు" అంది చెల్లెలు. "హాస్టలుకి కట్టడానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి మాట్లాడి ఉంచారు. ఆ డబ్బే తరువాత ఇంటి గోడకి పెట్టారు."

దానికి నేను ఏమీ అనలేకపోయాను. కాసేపటికి, "నా మీద కోపం లేదా?" అన్నాను. ఈ ప్రశ్న అడగడం కూడా ఒక స్వార్థమే అని అడిగిన తరువాత తెలిసింది.

అది ఆలోచించి చెప్పింది. "ఉండేది. చాలా ఉండేది. ఇప్పుడు కూడా ఆగస్టులో కొంచెం వస్తుంది. గోదారిలాగే. వచ్చి, కొన్నాళ్లుండి, పోతుంది."

క్షమించానని అనలేదు. అనమని నేను అడగలేదు.

*

సాయంకాలం ఒక పిల్ల బిందెతో వచ్చి బల్ల ముందు ఆగి, పెదవులు కదుపుతూ చదువుకొని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకొని వెళ్లింది. ఇంతలో నా ఫోను మోగింది. రాజమండ్రి మిత్రుడు. ఏదో కొత్త ప్రకటన. తరగతుల ప్రారంభం, ఏవో ప్రవేశాలు, గడువు. ఎప్పటిలాగే మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివి చెల్లెలికి చూపించాను.

"ఇది మా పిల్లలకి పనికొస్తుంది" అని, తడిగుడ్డతో బల్ల మీద ఒక మూల తుడిచి, సుద్దముక్క నా చేతికి ఇచ్చింది. "నువ్వే రాయి. నీ అక్షరాలు బాగుంటాయి."

లేచి నిలబడి, అందంగా, కాస్త పెద్ద అక్షరాలతో, విశ్వవిద్యాలయం పేరుతో మొదలుపెట్టాను. "ఆదికవి" అని రాసి వట్రసుడి లేని చోట కూడా ఒక వంపు తిప్పబోతున్నాను. వెనుకనుంచి చెల్లెలు అంది.

"అది తరువాత రాద్దువుగానిలే అన్నయ్యా. ముందు ఆఖరు తేదీ రాయి."

తుడిచివేసి, ముందు ఆ తేదీ రాశాను. దాని కింద ఒక గీత గీశాను. చెల్లెలు నా చేతిలోని సుద్దముక్క అందుకొని, ఆ గీత కింద మరొక గీత గీసింది.